వెన్నుపాము దగ్గర గడ్డ: ఉగాది నుంచి సంక్రాంతి దాకా నా అనుభవం

నడుం ఎమ్మారై తీయించుకున్నా కాళ్ళ బాధకి కారణం దొరకని వాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు యాభై మూడేళ్ళు. ఉప్పల్‌లో చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది, అందులోనే బ్లౌజులు కుట్టడం, ఫాల్, పీకో. బీపీ, థైరాయిడ్ మాత్రలు తప్ప పెద్ద జబ్బులేమీ లేవు.

2024 ఉగాది అయిన కొన్నాళ్ళకి కుడికాలి చెప్పు ఊడిపోవడం మొదలైంది. చెప్పు ఊడితే ఎవరికైనా తెలుస్తుంది కదా, నాకు తెలిసేది కాదు. నాలుగడుగులు పోయాక వెనక నుంచి ఎవరో "అక్కా, చెప్పు" అని పిలిస్తే అప్పుడు చూసుకునేదాన్ని. తర్వాత మోటారు మిషన్ దగ్గర ఇబ్బంది. పెడల్ మీద కాలు ఎంత నొక్కుతున్నానో తెలియక బ్లౌజు మెడ తిప్పే చోట కుట్టు సర్రున పక్కకి పోయేది. కాలు వైపు ఒకసారి, గుడ్డ వైపు ఒకసారి చూసుకుంటూ కుట్టేదాన్ని. ముప్పై ఏళ్ళుగా కాలుని చూడకుండా కుట్టిన మనిషిని.

ముందు ఎముకల డాక్టర్‌కి చూపించాం. మోకాళ్ళ ఎక్స్‌రే, కాల్షియం, డి విటమిన్, బరువు తగ్గమన్న సలహా. ఇంకొకరు బీ12 తక్కువుందని ఇంజెక్షన్లు రాశారు. తిమ్మిరి తగ్గలేదు. జులైలో నడుం ఎమ్మారై తీశారు, 5,500 రూపాయలు. నడుం కింది పూసలు ఎల్4-ఎల్5 మధ్య ఉండే మెత్తటి డిస్క్ కొంచెం బయటికి వచ్చిందన్నారు. దానికి ట్రాక్షన్, కరెంటు పెట్టే ఫిజియోథెరపీ నడిచాయి. కారణం దొరికింది కదా అని ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం, కానీ నడక మాత్రం రోజురోజుకీ పాడైంది. పైగా బొడ్డు చుట్టూ బిగించి కట్టిన భావన. లంగా నాడా వదులు చేసుకున్నాను, బిగుతు అలాగే ఉంది. నాడా పూర్తిగా విప్పేసి పడుకున్నా అలాగే ఉంది. గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకున్నాను. బాత్రూంకి వెళ్ళాలనిపిస్తే ఆపుకోలేకపోవడం కూడా అప్పుడే మొదలైంది. దాని గురించి ఎవరికీ చెప్పలేదు, డాక్టర్ అడగలేదు.

ఆగస్టు 16, వరలక్ష్మీ వ్రతం. పీట మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మా వదిన, ఆడపడుచు చెరో రెక్క పట్టుకుని లేపారు. అందరూ "బరువమ్మా బరువు" అని నవ్వారు, నేనూ నవ్వాను. ఆ వారంలోనే షాపుకి వచ్చిన ఒక స్టాఫ్ నర్సు నా నడక చూసి, "ఆంటీ, కాళ్ళు విసిరేసినట్టు వేస్తున్నారు, ఆర్థో కాదు న్యూరో డాక్టర్‌కి చూపించండి" అంది. తన బ్లౌజుకి నేను డబ్బులు తీసుకోలేదు ఆ తర్వాత ఎప్పుడూ.

ఆగస్టు 27న న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆయన పాత ఫిల్ములు పక్కన పెట్టి ముందు నన్ను చూశారు. మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగిరిపడింది. అరికాలు మీద తాళంచెవి కొనతో గీస్తే బొటనవేలు పైకి లేచింది. కళ్ళు మూసుకుని నిలబడమన్నారు, పడబోతే మా ఆయన పట్టుకున్నాడు. చివరికి గుండుసూదితో కాళ్ళ నుంచి పైకి గుచ్చుకుంటూ వచ్చి, ఎక్కడ సరిగ్గా గుచ్చుకున్నట్టు తెలిసిందో చెప్పమన్నారు. బొడ్డు దాటాక తెలిసింది. అక్కడ పెన్నుతో అడ్డంగా గీత గీశారు. "నడుంలో వెతికితే దొరకదమ్మా, ఇది పైనుంది" అన్నారు.

ఆ తర్వాత ఆయన చెప్పింది నాకు చాలా పనికొచ్చింది. వెన్నుపాము నడుం పైభాగంలో, ఎల్1-ఎల్2 దగ్గరే అయిపోతుంది, కింద ఉండేవి విడి నరాలు. కాళ్ళకి కబురు వెళ్ళే దారి మెడ, వీపు గుండానే రావాలి. వీపులో అడ్డం పడితే బాధ కాళ్ళలో కనిపిస్తుంది. నడుం ఎమ్మారై ఎంత బాగా తీసినా వీపు అందులో పడదు. రిఫ్లెక్సులు, అంటే సుత్తితో కొడితే కాలు ఎగరడం లాంటివి, ఎక్కువగా ఉంటే నడుం డిస్క్ మీద నెపం వెయ్యకూడదట, డిస్క్ నరాన్ని నొక్కితే అవి తగ్గుతాయి గానీ పెరగవు.

29న కాంట్రాస్ట్‌తో (గడ్డలు స్పష్టంగా కనబడేలా ఎక్కించే మందు) వెన్ను మొత్తానికీ ఎమ్మారై, 13,000 రూపాయలు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కి ముందు కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు కావాలన్నారు. అది లేక మధ్యాహ్నం దాకా కూర్చోవాల్సి వచ్చింది, కాబట్టి ముందురోజే చేయించుకుని వెళ్ళండి. పుస్తెలు, గాజులు, ముక్కుపుడక తీయించారు. ముక్కుపుడక సీల రాక చేతికి సబ్బు రాసి లాగాల్సి వచ్చింది. దర్జీ పని కదా, బ్లౌజు లోపల ఎప్పుడూ ఒక పిన్నీసు పెట్టుకునే అలవాటు. మూడు దొరికాయి.

మరునాడు సాయంత్రం రిపోర్టు. మా బాబు బండి మీద కూర్చునే ఫోన్లో చదివాడు. వాడి మొహం చూసి నేనేమీ అడగలేదు. ఇంటికొచ్చాక చెప్పాడు: వీపు మధ్యలో డి8 పూస దగ్గర, వెన్నుపాము పైన ఉండే పొర లోపల, వెన్నుపాముకి బయట, 1.8 సెంటీమీటర్ల గడ్డ. మెనింజియోమా, అంటే ఆ పొరల నుంచే పుట్టే గడ్డ, అయ్యుండొచ్చని రాశారు. ట్యూమర్ అన్న మాట ఇంట్లో పలకడానికి అందరికీ నోరు రాలేదు. మా అత్తమ్మ "గడ్డ" అంది, మేమూ అదే అన్నాం. ఆ రాత్రి నాకు చచ్చిపోతానేమోనన్న భయం రాలేదు. మంచంలో పడి కోడలితో మలమూత్రాలు ఎత్తించుకుంటానేమోనన్న భయం వచ్చింది. బాబుకి ఇంకా పెళ్ళి కాలేదు, ఆ కోడలు ఎవరో నాకే తెలియదు.

చుట్టాల మాటలు వేరే. వెన్నుపాముకి కత్తి పెడితే ఇక లేవరని చెప్పిన వాళ్ళు ఎందరో. ఆయుర్వేదం అన్నవాళ్ళు, కర్ణాటకలో కట్టు కట్టే ఆయన ఉన్నాడన్నవాళ్ళు. మేం ఇద్దరు సర్జన్లకి చూపించాం, ఒకటి బాబు ఇన్సూరెన్స్ చెల్లే కార్పొరేట్ ఆసుపత్రిలో, ఒకటి పంజాగుట్ట నిమ్స్‌లో. ఇద్దరూ ఒకటే మాట: మందులకి కరగదు, తియ్యాలి. ఇది చాలావరకు క్యాన్సర్ కాని రకం, ఆడవాళ్ళలోనే ఎక్కువ, అందులోనూ వీపు భాగంలో ఎక్కువ. ఏమవుతుందన్నది ఆపరేషన్ నాటికి కాళ్ళలో ఎంత సత్తువ మిగిలిందన్న దాని మీద చాలా ఆధారపడుతుందన్నారు. "ఇప్పుడు మీరు నడిచి వచ్చారు. చక్రాల కుర్చీలో వచ్చేదాకా ఆగొద్దు" అన్నారు నిమ్స్‌లో పెద్దాయన.

సరిగ్గా అక్కడే ఇంట్లో పేచీ వచ్చింది. సెప్టెంబర్ 17న నిమజ్జనం, 18 నుంచి మహాలయ పక్షాలు. ఆ పదిహేను రోజులూ ఏ మంచి పనీ చెయ్యరు, దసరా వెళ్ళాక చేయించుకోమని అత్తమ్మ. సర్జనేమో వారం లోపు అంటారు. మా పంతులుగారికి ఫోన్ చేస్తే "ఆపదకి తిథి ఏంటమ్మా, చేయించుకోండి" అన్నారు. అత్తమ్మ యాదగిరిగుట్టకి ముడుపు కట్టి ఒప్పుకుంది. 20, శుక్రవారం ఖాయమైంది.

18 సాయంత్రం ఆ కార్పొరేట్ ఆసుపత్రిలోనే చేరాను. రోడ్ల మీద ఇంకా రంగు కాగితాలు, గులాలు. ఎస్టిమేట్ 4,20,000 రూపాయలు ఇచ్చారు. అందులో నరాల మానిటరింగ్‌కి, అంటే ఆపరేషన్ జరుగుతుండగా నరాలు పనిచేస్తున్నాయో లేదో కరెంటు పంపి చూడ్డానికి, 35,000. బాబు కంపెనీ పాలసీ 5 లక్షలు, తల్లిదండ్రుల క్లెయిమ్‌లో పదిశాతం మేం కట్టాలి. గది అద్దె రోజుకి 5,000 దాటకూడదు. అడ్మిషన్ దగ్గర సింగిల్ రూం ఇస్తామన్నారు, బాబు వద్దన్నాడు. పరిమితి దాటిన గది తీసుకుంటే తేడా గది అద్దెలోనే కాదు, సర్జన్ ఫీజు, ఓటీ చార్జీల్లో కూడా అదే నిష్పత్తిలో కోత పడుతుందట. ఇద్దరుండే గదే తీసుకున్నాం. పక్క మంచంలో మహబూబ్‌నగర్ ఆవిడ, ఆమెకి మెడలో గడ్డ. ఆమె ఆరోగ్యశ్రీలో వచ్చి జనరల్ వార్డు దొరక్క ఇక్కడుంది. 2023 డిసెంబర్లో దాని పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకి పెరిగింది కాబట్టి ఆమె ఖర్చు పూర్తిగా అందులోనే సరిపోయింది. రేషన్ కార్డు ఉన్నవాళ్ళు ముందు ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యశ్రీ సహాయకుల డెస్క్‌లో (ఆరోగ్యమిత్ర) కనుక్కోండి.

గడ్డ చుట్టూ వాపు తగ్గడానికి డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఎన్నడూ లేని షుగర్ 280కి వెళ్ళింది, ఇన్సులిన్ ఇచ్చారు. నాకు షుగర్ వచ్చేసిందని ఏడ్చాను. స్టెరాయిడ్ ఆపాక అదే తగ్గింది. ఈ సంగతి ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ ఏడుపు తప్పేది.

19 రాత్రి కాగితాల మీద సంతకాలు. కాళ్ళు పడిపోవచ్చు, మూత్రం మీద పట్టు పోవచ్చు, వెన్నునీరు కారవచ్చు, మళ్ళీ ఆపరేషన్ అవసరం పడొచ్చు అని తెలుగులోనే చదివి వినిపించారు. మా ఆయన సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికి అక్షరం గీత దాటింది.

తర్వాత మెట్టెలు తియ్యాలన్నారు. పెళ్ళయినప్పటి నుంచి మార్చుకోవడమే గానీ కాళ్ళు ఖాళీగా ఉంచింది లేదు. సిస్టర్ దూది, నూనె తెచ్చి కింద కూర్చుంది. ఎడమకాలివి తిప్పి తిప్పి లాగుతుంటే నొప్పికి అరిచాను. "ఇంకా కుడికాలు ఉంది కదా, నెమ్మదిగా తియ్యి తల్లీ" అన్నాను. ఆమె తలెత్తి, "ఆంటీ, కుడికాలివే ముందు తీశాను" అని అరచేతిలో చూపించింది. ఆపరేషన్ అవసరమా అన్న అనుమానం నాలో ఏ మూలనైనా మిగిలి ఉంటే అక్కడితో పోయింది.

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది మత్తు ఇచ్చేదాకానే. మిగతాది సర్జన్ చెప్పిందే. బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రేతో పూసలు లెక్కపెట్టి సరైన చోటు గుర్తు పెట్టుకుని, పూస వెనక కప్పు తీసి, పొర తెరిచి, మైక్రోస్కోపులో చూస్తూ గడ్డని లోపల నుంచి డొల్ల చేసి ముక్కలుగా తీశారట. వెన్నుపాముని పక్కకి జరపకుండా చెయ్యాలంటే అదే దారి. గడ్డ పుట్టిన చోట పొరని కోసెయ్యకుండా కాల్చారు. నాలుగు గంటలన్నది ఐదున్నర పట్టింది. ఆ ఆలస్యానికి బయట మా వాళ్ళు పడ్డ నరకం గురించి ఇంకా చెప్తూనే ఉంటారు.

కళ్ళు తెరిచేసరికి ఐసీయూ. ఎవరో "అమ్మా, కాలివేళ్ళు కదపండి" అంటున్నారు. ఎడమవి కదిలాయి. కుడివి కదిపాననుకున్నాను, కదిలాయో లేదో నాకు తెలియదు. "కదిలాయి, కదిలాయి" అంది సిస్టర్. ముఖం ఉబ్బి, గడ్డం కమిలి, నాలుక పక్కన పుండు. తలలో, కాళ్ళలో అక్కడక్కడ సూది గాట్లు. నాకు ఏదో అయిందనుకున్నాను. అవన్నీ గంటల తరబడి బోర్లా పడుకోబెట్టడం వల్ల, మానిటరింగ్ సూదుల వల్ల వచ్చేవే. మానిటరింగ్ కోసం కరెంటు పంపినప్పుడు దవడలు టక్కున మూసుకుంటాయట, నాలుక తెగకుండా పళ్ళ మధ్య గుడ్డ పెట్టినా ఒక్కోసారి కాస్త నలుగుతుందట.

పొర కుట్లు అతుక్కోవాలని మొదటి రెండు రోజులు తల ఎత్తకుండా వెల్లకిలా ఉంచారు. పక్కకి తిప్పాలంటే ముగ్గురు కలిసి భుజం, నడుం, కాళ్ళు ఒకేసారి దుంగలా దొర్లించేవారు. మెలి పడకూడదు. లేచి కూర్చోగానే తలనొప్పి వచ్చినా, కట్టు తడిసినా వెంటనే చెప్పమన్నారు, అవి వెన్నునీరు కారుతున్న గుర్తులు. నాకు రాలేదు. విరేచనం మాత్రం రోజుల తరబడి కాలేదు. ముక్కకూడదు, సిరప్ తాగి ఓపిక పట్టాలి.

అన్నిటికన్నా పెద్ద భయం 23న. మూత్రం గొట్టం తీశారు, మూత్రం రాలేదు. పొట్ట ఉబ్బిపోతోంది, కుళాయి తిప్పి నీళ్ళ చప్పుడు వినిపించారు, రాలేదు. మళ్ళీ గొట్టం పెట్టారు. ఆ రాత్రి నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయమ్మ ఒకావిడ, "ఈ వార్డులో సగం మందికి మొదటిసారి రాదమ్మా" అని నా జడ వేసింది. రెండు రోజులాగి మళ్ళీ తీశారు. అప్పుడు వచ్చింది. వెళ్ళిన తర్వాత స్కాన్ పెట్టి లోపల ఎంత మిగిలిందో చూశారు, పర్లేదన్నారు. మా ఆయన నర్సులందరికీ కరాచీ బిస్కెట్లు పంచాడు. మూత్రం వచ్చినందుకు స్వీట్లు పంచడం ఎక్కడైనా విన్నారా?

28న డిశ్చార్జ్. ఫైనల్ బిల్లు 4,63,000. గ్లౌజులు, మాస్కులు, డైపర్లు లాంటి ఇన్సూరెన్స్ ఇవ్వనివి 23,000. మిగిలిన 4,40,000లో మా పదిశాతం 44,000. మొత్తం 67,000 చేతి నుంచి పడ్డాయి. డిశ్చార్జ్ చేస్తామని ఉదయమే చెప్పారు, బయటపడింది రాత్రి. 2024లో వచ్చిన ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే సంస్థ) నిబంధన ప్రకారం ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అభ్యర్థన అందిన 3 గంటల్లో ఇన్సూరెన్స్ వాళ్ళు తేల్చాలి. ఆ గడియారం కాగితాలు వాళ్ళకి చేరాకే తిరుగుతుంది. మా కాగితాలు బిల్లింగ్‌లోనే మధ్యాహ్నం దాకా కూర్చున్నాయి. మీవాళ్ళు ఒకరు అక్కడే నిలబడి అడుగుతూ ఉండండి.

ఇంట్లో బాత్రూం నాకు కొత్త శత్రువైంది. మాది కింద కూర్చునేది, కమోడ్ కుర్చీ కొన్నాం. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే ఒళ్ళు తూలేది. కళ్ళు చూస్తుంటేనే నా కాళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలిసేది. అందుకని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని స్నానం, రాత్రంతా లైటు. గీజర్ నీళ్ళ వేడి కాలితో చూడొద్దని ఫిజియో అమ్మాయి గట్టిగా చెప్పింది, బొబ్బలు లేచినా తెలియదట. చేత్తో చూసుకుని పోసుకునేదాన్ని.

అక్టోబర్ 1న బయాప్సీ రిపోర్టు. మెనింజియోమా, గ్రేడ్ 1, అంటే క్యాన్సర్ కాని రకం. రేడియేషన్ అక్కర్లేదు. బాబు ఈసారి పైకే చదివాడు. మరునాడు ఎంగిలిపూల బతుకమ్మ, గేటు దగ్గర కుర్చీలో కూర్చుని చూశాను. సద్దుల నాటికి వాకర్ పట్టుకుని నిలబడ్డాను, ఆడలేదు.

దసరా వెళ్ళాక కాళ్ళు మండడం మొదలైంది. నిప్పుల మీద పెట్టినట్టు, రాత్రిళ్ళు దుప్పటి తగిలినా భరించలేను. ఆపరేషన్ చెడిపోయిందని నేను, నరాలు మేలుకుంటున్నాయని డాక్టరు. నరాల మంటకి ప్రెగాబాలిన్ అనే మందు ఇచ్చారు, దాంతో పగలంతా మత్తు. నవంబర్ చివరికి మంట సగమైంది. ఫిజియో ఇంటికొస్తే రోజుకి 600, మూడు నెలలు చేయించుకున్నాను. డాక్టర్ చేత చీటీ మీద "ఫిజియోథెరపీ అవసరం" అని రాయించుకోండి, మా పాలసీలో డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల బిల్లులు తిరిగి వచ్చాయి. ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజులవి కూడా ఇస్తారు. అందుకే ఆగస్టు ఎమ్మారై డబ్బులు వచ్చాయి, జులై ఎమ్మారైవి రాలేదు.

డిసెంబర్లో వాకర్ వదిలేసి కర్ర, సంక్రాంతికి కర్ర కూడా లేదు. చెప్పులకి వెనక పట్టీ ఉన్నవే వేసుకుంటున్నాను. మెట్రో మెట్లు ఎక్కగలను, దిగేటప్పుడు కడ్డీ పట్టుకుంటాను. షాపులో పీకో, ఫాల్ పని మొదలుపెట్టాను. బ్లౌజు మెడలు మాత్రం ఇంకా వేరే అమ్మాయే కుడుతోంది, ఆమెకి బ్లౌజుకి 150 ఇస్తున్నాను. మూత్రం విషయంలో ఇబ్బంది లేదు. బొడ్డు చుట్టూ బిగుతు సాయంత్రాలు ఇంకా వస్తుంది. అది పూర్తిగా పోకపోవచ్చని సర్జన్ ముఖం మీదే చెప్పారు.

2025 జనవరి 6న మళ్ళీ కాంట్రాస్ట్ ఎమ్మారై. గడ్డ ఏమీ మిగల్లేదు, నలిగిన వెన్నుపాము మళ్ళీ గుండ్రంగా నిండుకుంది. పొరని కోసెయ్యకుండా కాల్చారు కాబట్టి ఏళ్ళ తర్వాతైనా మళ్ళీ పెరిగే వీలుందట, అందుకని ఏడాదికోసారి స్కాన్ తీయించాలి. వీలైతే అదే సెంటర్లో తీయించమన్నారు, పాతవాటితో పోల్చడం తేలిక. ఫిల్ములతోపాటు సీడీ కూడా అడిగి తెచ్చుకోండి, మాకు అడిగితేనే ఇచ్చారు.